తీసేసిన రెండు చుక్కలు

జనవరి 25, గురువారం

తిజానీ బాబాయ్ ఈ రోజు మా అత్త చేసి ఒడ్డుకు తెచ్చిన రొట్టెలు నాలుగు తిన్నాడు. ఆలివ్ నూనె వేళ్ళు నాక్కున్నాడు. ఆ నోటితోనే నాన్నతో అన్నాడు గదా, ఒరే ఫెర్జానీ, మీ అక్కను ఒడ్డుకు రానీయకు, ఆమె అడుగు పెట్టిన రోజున బుట్టల్లో నీళ్ళు తప్ప ఏం మిగలటం లేదు అని. నేను పక్కనే గిన్నెలు సర్దుతున్నాను. నాకు వినపడాలనే అన్నాడు.

నాన్న తల ఎత్తలేదు. చేతిలో ఉన్న తాడు ముడి విప్పాడు, మళ్ళీ వేశాడు.

ఈ రోజు పడింది రెండున్నర కిలోలు, నిజమే. మా దీవి ఒడ్డున, సముద్రంలో చేపలు పట్టే మా దడి నాన్నదీ తిజానీ బాబాయ్‌దీ చెరి సగం. ఏటా ఖర్జూరపు మట్టలు వేలకొద్దీ ఇసుకలో దిగేసి కట్టాలి. నీళ్ళు వెనక్కి తీసేటప్పుడు చేప దడి వెంట నడిచి నడిచి బుట్టల్లో పడుతుంది. ఆ దడి కట్టడం ఒక్కడివల్ల అయ్యే పని కాదు. అందుకే తిజానీ బాబాయ్ ఏం కూసినా నాన్న వింటాడు.

సల్హా అత్త నాన్నకు అక్క. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ పోయింది. నలభయ్యో రోజున అత్త పరుపు చుట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. నాకు జడలు వేసింది. భాగహారాలు రాక నేను ఏడిస్తే, తనకూ రావని పక్కన కూర్చుని తనూ ఏడ్చింది. ఆమె కాలు మంచిది కాదట! నాకు ఒళ్ళు మండిపోయింది.

జనవరి 29, సోమవారం

రౌదా మేడమ్ కొత్త పాఠం మొదలెట్టింది. సహసంబంధం. రెండు విషయాలు తీసుకుని, రోజూ రెండూ కొలిచి, గ్రాఫ్ కాగితం మీద ఒక్కో రోజుకు ఒక్కో చుక్క పెట్టాలి. చుక్కలన్నీ ఒక గీత పట్టుకుని నడుస్తున్నాయా, చెదిరిపోయాయా చూడాలి. ఎంత గట్టిగా పట్టుకున్నాయో చెప్పేదే గుణకం. ప్లస్ ఒకటి అంటే ఒకటి పెరిగితే రెండోదీ పెరుగుతుంది. మైనస్ ఒకటి అంటే ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. సున్నా అంటే దాని దారి దానిది, దీని దారి దీనిది.

ముప్ఫై రోజుల ప్రాజెక్టు. ఎవరి రెండు విషయాలు వాళ్ళే ఎంచుకోవాలి. నా బెంచీ మీద కూర్చునే సిహేమ్ (తిజానీ బాబాయ్ కూతురు) ఫోను చూసే గంటలూ మార్కులూ అంది. దానికి ముప్ఫై రోజులెందుకమ్మా, నీ పాత పేపర్లు చూస్తే చాలు అంది మేడమ్. క్లాసంతా విరగబడి నవ్వింది. సిహేమ్ కూడా నవ్వింది. దానికి సిగ్గు లేదు, అదే దానిలో మంచి.

నావి: ఒకటి, అత్త చేతి నుంచి రోజూ ఒడ్డుకు వెళ్ళే రొట్టెలు. రెండు, ఆ రోజు పడిన చేపలు, కిలోల్లో.

నాకు సున్నా కావాలి. సున్నా వస్తే ఆ కాగితం తీసుకెళ్ళి తిజానీ బాబాయ్ ముక్కుకు అంటిస్తాను.

ఫిబ్రవరి 1, గురువారం

అత్త మట్టి పొయ్యి లోంచి రొట్టెలు తీస్తుంటే నేను పక్కన నోటుబుక్కుతో నిలబడ్డాను. అమ్మో, రొట్టెలు లెక్కపెట్టకూడదే, బర్కత్ పోతుంది అని చేతులు అడ్డం పెట్టింది. బడి పని అన్నాను. బడి పనైతే దేవుడు చూసీ చూడనట్టు ఉంటాడులే అంది.

ఒడ్డుకు వెళ్ళినవి 2. పడినవి 21 కిలోలు.

ఫిబ్రవరి 9, శుక్రవారం

రొట్టెలు 11. చేపలు 3 కిలోలు. ఛీ.

ఫిబ్రవరి 17, శనివారం

రొట్టె ఒకటే. చేపలు 26 కిలోలు! నాన్న ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు. అత్త పెద్ద చేపను కోసి టమోటా రసంలో వేసి గోధుమ రవ్వ కూస్‌కూస్ వండింది. అందరూ నవ్వుతున్నారు.

నేను నోటుబుక్కు చూసుకుంటూ కూర్చున్నాను. పదిహేడు చుక్కలయ్యాయి. కళ్ళు మూసుకుని చూసినా గీత కనిపిస్తోంది. పై నుంచి కిందకి.

ఫిబ్రవరి 24, శనివారం

అత్తకు జ్వరం. పొయ్యి వెలగలేదు. రొట్టెలు 0. చేపలు 2 కిలోలు.

ఫిబ్రవరి 25, ఆదివారం

ఇంకా జ్వరమే. తడిగుడ్డ మార్చీ మార్చీ నా చేతులు ముడతలు పడ్డాయి. రొట్టెలు 0. చేపలు రెండున్నర.

మార్చి 3, శనివారం

ముప్ఫై రోజులూ అయిపోయాయి. లెక్క కట్టాను. కాలిక్యులేటర్ మీద ఒకసారి, చేత్తో రెండుసార్లు.

మైనస్ 0.78.

అంటే రొట్టెలు ఎక్కువైన రోజున చేపలు తక్కువ. అత్త వచ్చిన రోజున బుట్టలు ఖాళీ. తిజానీ బాబాయ్ అన్నదే. నేను సున్నా కోసం వెళ్ళి ఆయన మాటకు సాక్ష్యం పట్టుకొచ్చాను.

ఇక్కడ ఒక సంగతి రాయాలి. ఇంకెక్కడా రాయను కాబట్టి ఇక్కడ రాయాలి.

గ్రాఫ్ మీద రెండు చుక్కలు గీతకు దూరంగా, కింద మూలన పడి ఉన్నాయి. 24, 25. అత్త జ్వరపు రోజులు. అసలు రొట్టెలే చేయలేదు, అవి మామూలు రోజులు కావు, లెక్కలోకి ఎందుకు రావాలి అనుకున్నాను. అలా అనుకున్నాను గానీ నిజం అది కాదు. ఆ రెండూ లేకపోతే గీత ఎంత అందంగా ఉంటుందో చూడాలనిపించింది. రబ్బరుతో తుడిచాను. మళ్ళీ కట్టాను.

మైనస్ 0.93.

క్లాసులో ఎవ్వరికీ ఇంత గట్టి సంఖ్య వచ్చి ఉండదు. సిహేమ్‌కి 0.4 వచ్చిందట. ఆ క్షణాన నేను అత్తను మరిచిపోయాను. ఇది కూడా రాయాలి.

మార్చి 8, గురువారం

ఇరవైకి పద్దెనిమిది!! మేడమ్ నా గ్రాఫ్‌ను బోర్డు పక్కన గోడకు అంటించింది. కింద ఎర్ర సిరాతో ఒక ప్రశ్న రాసింది: ఈ రెండింటినీ కలిపి నడిపిస్తున్న మూడోది ఏదైనా ఉందేమో ఆలోచించావా? చూశాను. తర్వాత ఆలోచిద్దాం అనుకున్నాను. మధ్యాహ్నమంతా ఆ పద్దెనిమిది వైపే చూస్తూ ఉన్నాను.

సిహేమ్ దాన్ని ఫోనులో ఫోటో తీసింది. మా నాన్నకు చూపిస్తానే, నీ గురించి ఎప్పుడూ గొప్పగా చెప్తాడు అంది. వద్దు అనాల్సింది.

మార్చి 10, శనివారం

ఊరంతా పాకింది.

కాఫీ కొట్టులో ఫోను చేతులు మారిందట. ఆరో క్లాసు దాటనివాడు కూడా మైనస్ తొంభై మూడు, మైనస్ తొంభై మూడు అంటున్నాడట. వందకు తొంభై మూడు పాళ్ళు సల్హా వల్లేనట, మిగతా ఏడు దేవుడి వల్లనట. ఒకాయన మైనస్ గుర్తు చూసి, చూశారా, ఆ అడ్డగీతే దిష్టి అన్నాడట. ఇదంతా సిహేమే వచ్చి చెప్పింది. ఏడుపు మొహం పెట్టుకుని చెప్పింది. దాన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఆ కాగితం నాది.

మధ్యాహ్నం తిజానీ బాబాయ్ మా వాకిట్లోకి వచ్చాడు. ఈ రోజు పడింది మూడు కిలోలు. ఫోను నాన్న మొహం ముందు పెట్టాడు. నా మాట నమ్మకు, నేను మొరటోణ్ణి, నీ కూతురు చదువుకున్నది గదా, అది రాసిందే చూడు అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. జాలిగా అన్నాడు. ఆమె ఇక్కడుంటే దడిలో నా సగం తీసుకుని నే వేరు పడతాను, నన్ను తప్పు పట్టకు అన్నాడు.

అత్త పిండి చేతులతో వంటింటి గుమ్మంలోకి వచ్చింది. నన్ను అడిగింది, ఏమిటే ఆ సంఖ్య, బడి పని అన్నావుగా అని. నేను నాన్న వెనక్కి జరిగాను. నాన్న వైపు చూసింది. నాన్న నేల చూస్తున్నాడు. మా వాకిలి నేల మీద చూడటానికేం లేదు. సిమెంటు.

సరేలే అంది అత్త. చేతులు కడుక్కోవడానికి లోపలికి పోయింది.

మార్చి 12, సోమవారం

అత్త వెళ్ళిపోయింది.

మార్చి 14, బుధవారం

స్ఫాక్స్ పట్నంలో వాళ్ళ పినతల్లి కూతురింటికి వెళ్ళింది. అక్కడ మనవలను చూసుకోవడానికి మనిషి కావాలని ఎప్పటినుంచో పిలుస్తున్నారట. అలా చెప్పుకుంది. నాన్న రేవు దాకా బస్సులో తోడు పోయి పడవ ఎక్కించి వచ్చాడు. దారిలో ఏం మాట్లాడుకున్నారో తెలియదు. ఏం మాట్లాడుకుని ఉండరు.

బస్సు ఎక్కేముందు నా చెంపలు పట్టుకుని, నీ తప్పేం లేదు, చదువుకో, తల దువ్వుకో అంది. ఆ మాటకి నేను అక్కడికక్కడ చెప్పేయాల్సింది, అత్తా, నేను రెండు చుక్కలు తుడిచేశాను అని. చెప్పలేదు. చెప్పినా ఆమెకు అర్థం కాదు అని సర్దిచెప్పుకున్నాను. ఆమెకు అర్థం కాదని కాదు. నా పద్దెనిమిది పోతుందని.

పిండి డబ్బా మీద పళ్ళెం బోర్లించి వెళ్ళింది. ఇల్లు ఊడ్చి వెళ్ళింది. నాన్నా నేనూ మూడు రోజులుగా గుడ్లు తింటున్నాం.

మార్చి 19, సోమవారం

24 కిలోలు. నిన్న 22. తిజానీ బాబాయ్ పడవ ముక్కుకు కొత్త చేపతోక కట్టాడు, దిష్టి తగలకుండా. సందులో నన్ను చూసి, ఏం పిల్లా, నీ లెక్క బంగారం అన్నాడు. అంతకంటే తిట్టినా బాగుండేది.

నాన్న ఈల వేయలేదు.

మార్చి 25, ఆదివారం

సెలవులు. నిన్నటినుంచి మళ్ళీ రెండు కిలోలు. అత్త ఊళ్ళో లేదు! నాన్నవాళ్ళూ పక్క దడులవాళ్ళూ అంతా ఒడ్డున చేరి విరిగిన మట్టలు మారుస్తున్నారు. మరి ఇప్పుడెవరి కాలు అని సిహేమ్ వాళ్ళ నాన్నను అడిగిందట. వెళ్ళినా ఆమె గాలి ఇంకా పోలేదు, నలభై రోజులు పడుతుంది అన్నాడట. నలభై ఎక్కణ్ణించి వచ్చింది? ఏ గ్రాఫ్ మీద ఉంది?

నాన్న ఆకలితో ఉంటాడని పొద్దున్నే పొయ్యి వెలిగించాను. అత్తకు ఫోన్ చేశాను, ఎన్ని రొట్టెలు చేయమంటావు అని అడగటానికి. ఊరికే గొంతు వినాలని కూడా.

ఆమె ఏమాత్రం ఆలోచించకుండా, పన్నెండు చెయ్ అంది.

పన్నెండెందుకు, మన ఇంట్లోంచి వెళ్ళింది నాన్నొక్కడే కదా అన్నాను.

పిచ్చిదానా, నిన్న సాయంత్రం ఆకాశం చూడలేదా అంది. సగం చంద్రుడు. సగం చంద్రుడంటే చచ్చిన నీళ్ళు. రావు, పోవు. చేప ఎందుకు కదుల్తుంది? బుట్టలు ఖాళీ, మగాళ్ళంతా ఒడ్డున చేరతారు, ఆ పనీ ఈ పనీ చేస్తూ ఒకణ్ణొకడు కరుస్తూ కూర్చుంటారు. కడుపు నిండితే కాస్త నోళ్ళు మూతపడతాయి. అందుకు పన్నెండు. అదే నీళ్ళు బతికున్న రోజున ఎవరికి తీరిక, నాన్నకు ఒకటి మూట కట్టిస్తే చాలు. నీకు తెలియదా ఇది, ఇన్నాళ్ళూ లెక్కపెట్టావుగా?

ముప్ఫై రోజులు రొట్టెలు లెక్కపెట్టాను. ఇన్ని ఎందుకు చేస్తున్నావు అత్తా అని ఒక్క రోజూ అడగలేదు.

ఫోను పెట్టేసి ఏడ్చాను. మొదటి నాలుగు రొట్టెలూ మాడిపోయాయి.

మార్చి 26, సోమవారం

చచ్చిన నీళ్ళు అనే మాట ఈ ఇంట్లో వెయ్యిసార్లు విని ఉంటాను. అది మగాళ్ళ మాట, చేపల మాట, మనకెందుకు అనుకున్నాను. నీళ్ళు చంద్రుడి తేదీలతో నడుస్తాయి. నా నోటుబుక్కు బడి తేదీలతో నడిచింది. ఒకదాని పక్కన ఒకటి ఎప్పుడూ పెట్టలేదు.

గోడ క్యాలెండర్ లోంచి చింపిన కాగితాలను అత్త పారేయదు. వాటి మీద దేవుడి మాట రాసి ఉంటుంది, కాళ్ళ కింద పడకూడదు అని బిస్కెట్ డబ్బాలో దాస్తుంది. ఒక్కో కాగితం మీద రెండు తేదీలు, బడిదీ చంద్రుడిదీ. డబ్బా మొత్తం నేల మీద పరిచాను. ముప్ఫై రోజులూ దొరికాయి.

చంద్రుడి నెలలో ఏడు నుంచి పదకొండు దాకా, ఇరవై రెండు నుంచి ఇరవై ఆరు దాకా చచ్చిన నీళ్ళు. కొత్త గ్రాఫ్ వేశాను. ఆ రోజులకు ఆకుపచ్చ పెన్ను, మిగతా రోజులకు నీలం. ఈసారి ఏదీ తుడవలేదు. ఫిబ్రవరి 24, 25 రెండూ పెట్టాను.

ఆకుపచ్చవి పది, అన్నీ అడుగున. నీలంవి ఇరవై, అన్నీ పైన. ఒక గీత కాదు అది. రెండు గుంపులు. నేను ఈ గుంపు నుంచి ఆ గుంపుకి తాడు కట్టి దాన్ని గీత అన్నాను.

ఆకుపచ్చ చుక్కలకు విడిగా కట్టాను: 0.1. నీలం చుక్కలకు విడిగా: మైనస్ 0.06. ఉన్నా లేనట్టే. అత్త పన్నెండు రొట్టెలతో వచ్చినా, జ్వరంతో మంచం మీద ఉన్నా చచ్చిన నీళ్ళలో రెండే కిలోలు. ఆ సంగతి చెప్పిన చుక్కలు రెండే రెండు. వాటినే తుడిచాను.

ఆమె రావడం వల్ల చేపలు తగ్గలేదు. చేపలు పడవని తెలిసి ఆమె వచ్చేది.

మార్చి 27, మంగళవారం

నాన్నకు చూపించాను. ఒడ్డున ఒక్కడే బుట్ట అల్లుతున్నాడు. తడిచేతులు చొక్కాకు తుడుచుకుని కాగితం పట్టుకున్నాడు. నేను ఆకుపచ్చ, నీలం అంటూ గడగడా చెప్పేశాను. తుడిచిన సంగతి కూడా చెప్పాను.

కాగితం మడిచి నాకిచ్చాడు. నీళ్ళ సంగతి నాకు తెలియదంటావా పిల్లా అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నిలువునా మండిపోయాను. తెలిసీ మరి ఆ రోజు ఎందుకు నోరు మూసుకున్నావు అని అరిచాను. నాన్న మీద ఎప్పుడూ అరవలేదు. పక్క దడివాళ్ళు తిరిగి చూశారు.

నాన్న మళ్ళీ బుట్ట అందుకున్నాడు. అల్లుతూ, నా వైపు చూడకుండా చెప్పాడు. తిజానీకీ తెలుసు, నీళ్ళ గురించి తెలియనివాడు ఈ దీవిలో ఎవడూ లేడు. మా నాన్న రోజుల్లో చచ్చిన నీళ్ళలో కూడా ఎనిమిది కిలోలు పడేవి. ఇప్పుడు రెండు. సముద్రం అడుగున చేపలు బతికే గడ్డినంతా గీకేసుకుపోయే పెద్ద పడవలున్నాయి, వాళ్ళనేమనగలం? మనం అరిస్తే వినపడేంత దూరంలో కూడా ఉండరు. మనిషికి ఎవరినో ఒకరిని అనాలి. ఇంట్లో మొగుడు లేని ఆడదుంటే ఆ మాట ఆమె మీదికి పోతుంది. నేను నోరు తెరిస్తే దడి పోతుంది. బడి చివర్లో నీ బ్యాక్ పరీక్ష అయ్యేదాకా ఓపిక పడదామనుకున్నాను అన్నాడు.

నన్ను ఇందులోకి లాగకు అన్నాను.

అవును, అది నీ మీద పెట్టకూడదు అన్నాడు.

మార్చి 29, గురువారం

అత్తకు ఫోన్ చేశాను. నిరూపించాను అత్తా, నీ తప్పేం లేదు, కాగితం మీద ఉంది, ఇంక వచ్చేయ్ అన్నాను. ఆనందపడుతుందనుకున్నాను.

నవ్వింది. నా తప్పు లేదని నాకు తెలియక వచ్చేశాననుకున్నావా అంది. నలభై ఏళ్ళు సముద్రం పక్కన బతికినదాన్ని, నాకు రుజువెందుకే? నువ్వు పసిదానివి, నువ్వేం రాసినా నాకు నొప్పి లేదు. తిజానీ అన్నాడా, వాడి నోరు అంతే, తిన్న కంచంలోనే ఉమ్ముతాడు, దానికీ నొప్పి లేదు. మీ నాన్నను నా చంకనేసుకుని పెంచానే. వాడు ఆ రోజు తలెత్తి, ఇది మా అక్క ఇల్లు అని ఒక్క మాట అనుంటే చాలు. అదీ నా చెవిలో కాదు. వాళ్ళందరి ముందూ.

తర్వాత, తల దువ్వుకుంటున్నావా అని అడిగింది.

నేను ఫోను స్పీకర్‌లో పెట్టి మాట్లాడాను. నాన్న పక్క గదిలో ఉన్నాడు. విన్నాడు.

ఏప్రిల్ 2, సోమవారం

బడి తెరిచారు. మేడమ్ దగ్గరికి పోయి చెప్పేశాను. రెండు చుక్కలు తుడిచాను, ఏ రోజులవో, ఎందుకో, అన్నీ. కొత్త గ్రాఫ్ ఇచ్చాను.

మేడమ్ కోప్పడుతుందనుకున్నాను. కుర్చీలో వెనక్కి వాలి, నీకు ప్రశ్న రాశాను గానీ జవాబు రాకముందే దాన్ని గోడకెక్కించాను, అది నా తప్పు అంది. పద్దెనిమిది కొట్టేసి పదకొండు వేసింది. గీతకు దూరంగా ఒక చుక్క కనపడితే తుడిచేముందు దాని దగ్గరికెళ్ళి నీకేమైందని అడగాలి, ఇది పుస్తకంలో లేదు, రాసుకో అంది. రాసుకున్నాను.

పాతది పీకి కొత్తది అంటించింది. సిహేమ్ దాన్ని కూడా ఫోటో తీసింది. ఇది కూడా మా నాన్నకు చూపిస్తా అంది. చూపించింది. ఆయన, మార్కులు తగ్గాయి గదా, అంటే ఇది తప్పు లెక్క అన్నాడట.

ఏప్రిల్ 3, మంగళవారం

మొన్న నిండు చంద్రుడు. నీళ్ళు మంచి జోరు మీద ఉన్నాయి, ఈ నెలలో ఇంతకు మించిన రోజు రాదు. పొద్దున్నే తిజానీ బాబాయ్ వచ్చి వాకిట్లోంచి కేకేశాడు. నాన్న పెళ్ళిళ్ళకు వేసుకునే చొక్కా వేసుకుని బయటికొచ్చాడు. నేను మా అక్కను తీసుకురావడానికి పోతున్నాను, ఇది ఆమె ఇల్లు, ఈ రోజు బుట్టల్లో పడిందంతా నువ్వే తీసుకో, వేరు పడతానంటే పడు అన్నాడు. మొదటి పడవకు వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆరింటి బస్సు కాఫీ కొట్టు ముందు ఆగింది. ఊరి మగాళ్ళంతా బల్లల దగ్గరే ఉన్నారు. అత్త దిగింది. వెనకాల నాన్న, అత్త మూట నెత్తిన పెట్టుకుని. మా సందు బస్సు ఆగిన చోటే, కుడివైపు. నాన్న అటు తిరగలేదు. అత్తను ముందు నడవమని, కొట్టు పొడుగునా ఒక్కో బల్ల దగ్గరా ఆగి, పేరు పెట్టి పిలిచి, మా అక్క వచ్చింది అని చెప్పాడు. చివరి బల్ల దాకా. మూట జారుతుంటే ఒక చేత్తో పట్టుకున్నాడు.

చివరి బల్ల దగ్గర తిజానీ బాబాయ్ లేచి నిలబడ్డాడు. అత్త ఆగలేదు.